పాత తెరచాప పడవ కొన్నాక దాని తీగలు, తాళ్లు అర్థమయ్యేదాకా: నా అనుభవం

"అన్నీ ఉన్నాయండీ, ఒక్క వస్తువు కూడా పోలేదు" అని అమ్మినాయన అన్నమాట నిజమే. 16 అడుగుల ఫైబర్ పడవ, డెక్ (పడవ పై తలం) మీద పడుకోబెట్టి కట్టేసిన మాస్ట్ (తెరచాపని ఎత్తే నిలువు స్తంభం), దానికి చుట్టేసిన ఉక్కు తీగలు, రెండు తెరచాపలు, పెద్ద సంచి నిండా తాళ్లు. నవంబరు మొదట్లో ఇవన్నీ మా చేతికొచ్చాయి. మాస్ట్ దింపి అప్పటికే రెండేళ్లు దాటిందట. ఏది ఎక్కడ తగిలించాలో ఆయనకే సగం గుర్తులేదు. మాన్యువల్ లేదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మాస్ట్ నిలబెట్టి తెరచాప ఎత్తేసరికి మార్చి నెలాఖరు అయింది. మధ్యలో ఏం జరిగిందో, డబ్బు ఎక్కడ పోయిందో, ఎక్కడ తల పట్టుకున్నామో రాస్తున్నాను. ఇలాంటి తాళ్ల కుప్పే ఎవరి ముందైనా ఉంటే పనికొస్తుంది.

తమ్ముడూ నేనూ ముందుగా మాస్ట్‌ని నడుము ఎత్తు స్టాండ్ల మీదకి ఎక్కించాం. నేల మీద పెట్టి వంగి పనిచేస్తే గంటకే విసుగొస్తుంది, విసుగొచ్చాక ఏదో ఒకటి చూడకుండా వదిలేస్తాం. ఏ ముడీ విప్పకముందే ప్రతి అతుకునీ దగ్గర నుంచి ఫోటో తీశాం. ప్రతి తీగకీ కాగితం టేపు చుట్టి దాని మీద "కుడి పైది", "ఎడమ కిందది" అని రాశాం. పడవ ముందుకి చూస్తూ నిలబడితే వచ్చే కుడి, ఎడమ అని ముందే అనుకున్నాం కాబట్టి తర్వాత గొడవ రాలేదు.

మాస్ట్‌ని నిలబెట్టేవి తీగలు, తెరచాపల్ని ఆడించేవి తాళ్లు. ఈ లెక్కన రెండు కుప్పలు చేయగానే కాస్త ఊపిరి పీల్చుకున్నాం. తీగల కుప్పలో ఆరు వచ్చాయి. మాస్ట్ ముందు వైపు నుంచి ఒకటి, అది ఫోర్‌స్టే. పక్కలకి రెండేసి ష్రౌడ్‌లు. వాటిలో పొడుగువి స్ప్రెడర్ల (మాస్ట్ నుంచి పక్కలకి చాచి ఉండే కడ్డీలు) చివర్ల మీదుగా దిగుతాయి, పొట్టివి స్ప్రెడర్ల కింద నుంచే మొదలవుతాయి. ఆరోది మాస్ట్ కొన నుంచి వెనక్కి వేలాడుతోంది.

ఆ ఆరో తీగ మమ్మల్ని వారం పాటు తినేసింది. వెనక్కి వేలాడుతోంది కాబట్టి బ్యాక్‌స్టే, అంటే మాస్ట్‌ని వెనక నుంచి లాగి పట్టే తీగ అనుకుంటాం కదా. కానీ పడవ వెనక భాగమంతా చేత్తో తడిమినా దాన్ని తగిలించే ఉక్కు పట్టీ ఎక్కడా లేదు. ఒకప్పుడు ఉండి పీకేస్తే ఉండాల్సిన బోల్టు రంధ్రాలు కూడా లేవు. అప్పుడు తీగ కింది కొసని సరిగ్గా చూశాం. మిగతా ఐదింటి కొసల్లో లావుపాటి పిన్ను దూరే ఫోర్క్‌లు ఉన్నాయి. దీని కొసలో బొటనవేలితో నొక్కితే తెరుచుకునే చిన్న హుక్కు ఉంది. మాస్ట్ బరువు మోసే తీగకి అలాంటి హుక్కు ఎవరూ పెట్టరు. అది టాపింగ్ లిఫ్ట్, తెరచాప దించినప్పుడు బూమ్ (పెద్ద తెరచాప కింది అంచు వెంట ఉండే అడ్డ కడ్డీ) కింద పడకుండా పట్టుకునేది. అంతే దాని ఉద్యోగం.

మరి బ్యాక్‌స్టే లేకుండా మాస్ట్ ముందుకి ఎందుకు పడదు? జవాబు పడవలోనే ఉంది. మా ఫోర్‌స్టే మాస్ట్ కొస దాకా పోదు, ముప్పావు ఎత్తు దాటాక ఆగిపోతుంది. పక్క ష్రౌడ్‌లని పట్టుకునే పట్టీలు మాస్ట్‌కి సరిగ్గా పక్కన కాకుండా కాస్త వెనక్కి ఉన్నాయి. స్ప్రెడర్లు కూడా వెనక్కి వాలి ఉన్నాయి. అంటే ష్రౌడ్‌లే పక్కకీ వెనక్కీ రెండు వైపులా లాగుతున్నాయి. ఇది తట్టాక మిగతా తీగలన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టు అనిపించింది. ఫోర్‌స్టే మాస్ట్ కొస దాకా పోయే పడవైతే సాధారణంగా బ్యాక్‌స్టే ఉంటుంది. మీ పడవ ఏ రకమో ముందు అది చూసుకోండి.

తర్వాత తీగల పరీక్ష. డిసెంబరంతా దీనికే పోయింది, ఖర్చు మొదలైందీ ఇక్కడే. టిష్యూ కాగితంతో తీగని వదులుగా పట్టుకుని పైనుంచి కిందకి నెమ్మదిగా లాగాలి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే కాగితం అక్కడ చిక్కుకుంటుంది. చేత్తో మాత్రం చేయొద్దు, ఆ తెగిన పోగు సూదిలా దిగుతుంది. మా ఎడమ పొడుగు ష్రౌడ్ కింది కొస దగ్గర, తీగ ఫిట్టింగ్ లోపలికి దూరే చోట కాగితం చిరిగింది. భూతద్దం పెట్టి చూస్తే పోగు ఒకటి తెగి పైకి లేచింది, దాని పక్కనే ఫిట్టింగ్ మీద వెంట్రుకవాసి చీలిక. పై కొసలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. నీళ్లు తీగ వెంట జారి కింది ఫిట్టింగ్‌లో నిలబడతాయి కాబట్టి ముందు పాడయ్యేది కిందివే.

టర్న్‌బకుల్‌ల సంగతి ఇంకో కథ. తీగల కింది కొసల్లో ఉండి వాటిని బిగించే మర ఫిట్టింగ్‌లు అవి. పాత యజమాని వాటికి కింది నుంచి పై దాకా నల్ల టేపు దట్టంగా చుట్టారు. చూడ్డానికి ఎంతో జాగ్రత్తపరుడి పనిలా ఉంది. విప్పితే లోపల గోధుమ రంగు నీళ్లు, మరల నిండా తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టకుండా ఉండాలంటే దానికి గాలి తగలాలి. గాలి అందకుండా తడిని లోపల బంధిస్తే అది లోలోపలే తినేస్తుంది. రెండు టర్న్‌బకుల్‌లు ఎంత నూనె పోసినా కదల్లేదు.

ఒక్క తీగే మార్చాలా, అన్నీ మార్చాలా? దీని మీద ఇంట్లో చాలా చర్చ నడిచింది. ఇలాంటి తీగల్ని 10 నుంచి 15 ఏళ్లకి మార్చమని సాధారణంగా చెబుతారు. మా తీగల వయసు ఎవరికీ తెలియదు, కానీ చూడ్డానికి అన్నీ ఒకే ఈడువి. ఒకటి పోయిందంటే మిగతావి క్యూలో ఉన్నట్టే. ఫోర్‌స్టేతో కలిపి ఐదూ మార్చేద్దామని తేల్చుకున్నాం. తీగ ఖరీదు ఎక్కువ ఉంటుందని భయపడ్డాను. తీరా చూస్తే తీగ మీటర్ల లెక్కన చవకే, డబ్బంతా కొసల ఫిట్టింగ్‌లకీ టర్న్‌బకుల్‌లకీ పోయింది. మొత్తం కలిపి పడవ కొన్న ధరలో ఆరో వంతు దాకా అయింది. పాత పడవ బేరమాడేటప్పుడు ఈ ఖర్చు లెక్కలో వేసుకోండి.

జనవరి మొదట్లో పాత తీగల్ని రిగ్గింగ్ (పడవ తీగలు, తాళ్ల పని) చేసే వర్క్‌షాప్‌కి పంపాం. కొలతలు రాసి పంపితే చాలదా అని అడిగితే, తీగలే కావాలన్నారు. కొలత పిన్ను తగిలే చోటు నుంచి పిన్ను తగిలే చోటు దాకా తీయాలి, టర్న్‌బకుల్ సగం తెరిచి ఉండాలి. ఇందులో కాస్త తేడా వచ్చినా తీగ పనికిరాదు, అందుకే వాళ్లు మన టేపుని నమ్మరు. రెండు వారాలన్నారు, నెల దాటింది. మధ్యలో ఫోను వచ్చింది.

"సార్, ఈ పొడుగు ష్రౌడ్‌లు రెండూ ఒకే జతేనా? ఒకటి సెంటీమీటరున్నర పొట్టిగా ఉంది. ఏది చూసి చేయమంటారు?"

ఆ ప్రశ్న వాళ్లు అడగకపోతే పాత వంకరే కొత్త తీగలతో మళ్లీ వచ్చేది. ముందు తీసిన ఫోటోలు చూశాం. పొట్టి తీగ కింద అదనంగా ఒక షాకిల్ (U ఆకారపు లోహపు లింకు) ఉంది, ఎదుటి వైపు లేదు. ఆ షాకిల్ పొడవు కలిపితే రెండూ సమానం. అంటే ఎప్పుడో ఎవరో ఒక తీగని పొట్టిగా చేయించి, లోటుని షాకిల్‌తో పూడ్చారు. పడవ దగ్గరికి వెళ్లి మాస్ట్ కూర్చునే చోటు నుంచి రెండు పక్కల పట్టీల దాకా కూడా టేపు పెట్టి చూశాం, సమానంగానే ఉన్నాయి. "పొడుగుదాన్ని చూసి రెండూ చేయండి" అని చెప్పాం.

పాత పడవలో కనిపించే ప్రతిదీ పడవకి అవసరమైనది కాదని అక్కడే నాకు గట్టిగా తెలిసింది. కొన్ని పడవవి, కొన్ని పాత యజమాని అలవాట్లవి. తాళ్ల సంచి విప్పాక ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది.

తీగలు రావడానికి టైముంది కాబట్టి తాళ్ల మీద పడ్డాం. సంచిలో పదిహేను పైనే ఉన్నాయి. పేర్లు చదువుకుని తాళ్లని వెతికితే ఏదీ తేలలేదు. అందుకని పద్ధతి మార్చాం. పెద్ద తెరచాపని గచ్చు మీద పరిచి, దాని మూడు మూలల దగ్గరా కూర్చుని, ఈ మూలని ఏం లాగాలి, ఎటు లాగాలి అని అడుగుతూ పోయాం. పై మూలని ఎత్తే తాడు హాల్యార్డ్. ముందు కింది మూల బూమ్ మొదట్లో పిన్నుతో నిలుస్తుంది, తాడు అక్కర్లేదు. వెనక మూలని బూమ్ చివరి దాకా లాగి పట్టేది అవుట్‌హాల్. బూమ్‌ని లోపలికీ బయటికీ వదిలేది మెయిన్‌షీట్. బూమ్ పైకి లేవకుండా మాస్ట్ పాదానికి లాగి పట్టేది వాంగ్. తెరచాప ముందు అంచు మీద, కింది మూలకి కాస్త పైన ఇత్తడి కన్నం ఒకటి ఉంది. అది కన్నింగ్‌హామ్ కోసం, ముందు అంచుని కిందకి బిగించడానికి. 1958లో అమెరికాస్ కప్ గెలిచిన కొలంబియా పడవని నడిపిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరే దానికి పెట్టారు. చిన్న పడవలో అది లేకపోయినా నడుస్తుంది.

ఏ తాడు దేనిదో చెప్పింది మాత్రం తాళ్ల మీది మచ్చలే. హాల్యార్డ్ మాస్ట్ లోపల నుంచి నడిచేదైతే ఎండ తగిలిన భాగం వెలిసిపోయి, లోపలున్న భాగం కొత్త రంగుతోనే ఉంటుంది. నీలం గీత ఉన్న తాడు సగం దాకా తెల్లబారి, అక్కడి నుంచి కొట్లో కొన్నప్పటి రంగులో ఉంది. ఆ హద్దు దగ్గర వేలు పెట్టి మాస్ట్‌కి ఆనించి చూస్తే, సరిగ్గా తాడు బయటికొచ్చే కన్నం దగ్గరే ఉంది. అలాగే క్లీట్ (తాడుని కరిచి పట్టి ఆపే బిగింపు) పళ్లు కరిచిన చోట తాడు చదునై, నూగు లేచి ఉంటుంది. సంచిలో అన్నిటికన్నా పొడుగు తాడు మెయిన్‌షీట్. అది కప్పీల మధ్య నాలుగు సార్లు తిరుగుతుంది, బూమ్ పూర్తిగా బయటికి పోయినప్పుడు ఆ నాలుగు వరసలకీ తాడు చాలాలి మరి.

ఇవన్నీ తీసేశాక కూడా నాలుగైదు తాళ్లు మిగిలాయి. తమ్ముడు సన్నటి తాడు ఒకటి పట్టుకుని "అన్నయ్యా, ఇది మాత్రం ఎటూ అతకడం లేదు" అన్నాడు. ముందు కొన దగ్గర చిన్న కప్పీ, అక్కడి నుంచి డెక్ పక్కన మూడు ఉంగరాలు, చివర కూర్చునే చోట ఒక క్లీట్. తాడు ఆ దారిన వెళ్లి ఎక్కడ ముగుస్తుందో అర్థం కాలేదు. యార్డులో పక్క పడవ పెద్దాయన వచ్చి చూసి, "ఆయన ఒంటరిగా నడిపేవాడు కదండీ. ముందుకి పాకకుండా జిబ్‌ని కూర్చున్న చోటు నుంచే కిందకి లాగడానికి పెట్టుకున్నాడు. మీరిద్దరు, మీకెందుకు?" అన్నారు. జిబ్ అంటే ముందుండే చిన్న తెరచాప. తాడు తీసి పక్కన పెట్టాం, కప్పీ మాత్రం ఉంచాం. ఎప్పుడైనా ఒక్కడినే వెళ్తే పనికొస్తుందని.

ఇంకో తాడు నైలాన్‌ది, మెయిన్ హాల్యార్డ్‌కి జత చేసి ఉంది. నైలాన్ సాగుతుంది. లంగరుకి ఆ సాగుడు మంచిది, ఝటకాని మింగుతుంది. హాల్యార్డ్‌కి అదే చెడ్డది. గాలి పెరగగానే తాడు సాగి, తెరచాప జారి, ముందు అంచు నిండా ముడతలు పడతాయి. దాని బదులు పాలిస్టర్ తాడు తెచ్చాం.

జిబ్ హాల్యార్డ్‌తో అనుకోని చిక్కొచ్చింది. అది సగం తీగ, సగం తాడు. పాత పడవల్లో అలా ఉండేది. ఈ తీగ ష్రౌడ్ తీగలా కాదు, చేత్తో వంచితే వంగుతుంది. ష్రౌడ్ తీగలో గట్టి పోగులు 19, సాగకూడదు కాబట్టి. కప్పీ మీద తిరిగే తీగలో సన్న పోగులు 133, వంగాలి కాబట్టి. మా దాంట్లో పోగులు అక్కడక్కడా లేచాయి, మొత్తం తాడే వేసేద్దామనుకున్నాం. తీరా మాస్ట్‌లో ఉన్న గిలకని చూస్తే దాని గాడి సన్నటి తీగకి సరిపోయేలా కోసుగా ఉంది, లావు తాడు అందులో కూర్చోదు, పక్కకి జారి ఇరుక్కుంటుంది. గిలక మార్చాలంటే రివెట్లు కొట్టి పెట్టె మొత్తం ఊడదీయాలి, ఆ సైజు ఎక్కడా దొరకలేదు. చివరికి కొత్త తీగతోనే మళ్లీ చేయించాం. హాల్యార్డ్ మార్చేముందు గిలక గాడి చూడమని నాకెవరూ చెప్పలేదు, అందుకే చెబుతున్నాను.

కొత్త తీగలు ఫిబ్రవరి మధ్యలో వచ్చాయి. మెరిసిపోతూ చుట్ట చుట్టి ఉన్న వాటిని చూసి నిజంగా సంతోషమేసింది. తగిలించబోయేసరికి కొత్త పిన్నులు పాత పట్టీల కన్నాల్లో వదులుగా ఆడాయి. సరైన సైజు పిన్నులకి ఇంకో వారం.

మాస్ట్ ఎత్తింది మార్చిలో, గాలి లేని ఓ ఉదయం. ఎత్తేముందు ముగ్గురం తలెత్తి చుట్టూ కరెంటు తీగలున్నాయేమో చూశాం. అల్యూమినియం మాస్ట్ వాటికి తగిలితే ప్రాణాలు పోతాయి, ఇందులో అతిశయోక్తి లేదు. ట్రైలర్ మీద పడవని తర్వాత కదిల్చే దారి కూడా చూసుకోవాలి. ష్రౌడ్‌లు ముందే వదులుగా తగిలించాం. అవి పక్కలకి పడకుండా ఆపుతాయి. ఫోర్‌స్టే మాత్రం చివర్లో. బరువంతా మొదట్లోనే, మాస్ట్ అడ్డంగా ఉన్నప్పుడు. సగం దాటాక తేలికవుతుంది కానీ అప్పుడే అందరూ పట్టు సడలిస్తారు.

పెద్దాయన మమ్మల్ని మాస్ట్ దగ్గర నిలబెట్టి, తను టర్న్‌బకుల్‌ల దగ్గర కూర్చున్నారు. అక్కడ ఏం పని అనుకున్నాను. మాస్ట్ లేస్తుంటే టర్న్‌బకుల్‌ అడ్డంగా పడుకుని పట్టీలో ఇరుక్కుంటుంది. అది చూడకుండా ఇంకో అడుగు ఎత్తితే మర ఉన్న కడ్డీ వంగిపోతుంది. రెండు సార్లు "ఆగండాగండి" అని అరిచి, వేలితో దాన్ని నిటారుగా నిలిపారు. ఫోర్‌స్టే పిన్ను దూర్చి, దాని కన్నంలో చిన్న రింగు తిప్పేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముక్కుపుడకంత రింగు అది. ఊడితే పిన్ను జారుతుంది, పిన్ను జారితే మాస్ట్ కింద ఉంటుంది. టేపు చుట్టాల్సింది ఈ రింగుకే, అదీ ఒక్క చుట్టు.

బిగించడం మేము ఊహించినంత కష్టం కాలేదు. మెయిన్ హాల్యార్డ్ కొసని ఒక పక్క పట్టీకి ఆనించి గుర్తు పెట్టుకుని, అదే పొడవుతో రెండో పక్కకి తీసుకెళ్తే మాస్ట్ కొస మధ్యలో ఉందో లేదో తెలిసిపోతుంది. ముందు పొడుగు ష్రౌడ్‌లు రెండు పక్కలా సమానంగా బిగించి, తర్వాత పొట్టివి. మాస్ట్ వెనక తెరచాప దూరే గాడికి కన్ను ఆనించి పైకి చూస్తే ఏ కాస్త వంకరైనా దొరుకుతుంది. మాది మధ్యలో ఎడమకి ఒదిగి ఉంది, కుడి పొట్టి ష్రౌడ్‌ని అరచుట్టు చొప్పున బిగిస్తూ సరిచేశాం. టర్న్‌బకుల్ ఒక కొస మామూలు మర, రెండో కొస ఎదురు మర. అందుకే నడుం తిప్పితే రెండు కొసలూ ఒకేసారి దగ్గరవుతాయి. బిగించాక లోపల రెండు కొసల మరలూ కళ్లకి కనిపించాలి.

మొదటిసారి నీళ్లలోకి దిగిన రోజు మెయిన్ తెరచాప పైన అర అడుగు దగ్గర ఆగిపోయింది. ఎంత లాగినా రాలేదు. వాంగ్, మెయిన్‌షీట్ రెండూ బిగిసి బూమ్‌ని కిందకి పట్టుకున్నాయి. రెండూ వదలగానే సర్రున పోయింది. తర్వాత గాలి అందుకుని పడవ ఒరగగానే గాలికి అవతలి వైపు ష్రౌడ్‌లు వదులై ఊగడం మొదలైంది. టెన్షన్ పుట్టింది. మాస్ట్ పోతోందని ఒడ్డుకి తిప్పేశాం. ఒడ్డున పెద్దాయన, "గాలి తగిలే వైపు బిగుస్తుంది, రెండో వైపు కాస్త వదులవుతుంది. కాస్త వదులైతే సహజమేనండీ. చేతిలో వేలాడిపోతుంటే అప్పుడు చూద్దాం. ఇంకో వైపుకి కూడా తిరిగి చూసి రండి" అన్నారు. తిరిగి చూశాం, రెండు వైపులా ఒకేలా ఉంది. ఒడ్డుకొచ్చాక ఆయన చెబితే రెండు పక్కలా ఒక చుట్టు మాత్రం బిగించాం.

కొత్త తీగ మొదట్లో కొంచెం సాగి సర్దుకుంటుంది కాబట్టి కొన్నిసార్లు తిరిగొచ్చాక మళ్లీ చూడాలి. ఏప్రిల్లో చూస్తే నిజంగానే అన్నీ కాస్త వదులయ్యాయి. ఇప్పుడు పడవ ఎక్కగానే రింగులు తడుముతాను, తమ్ముడు గాడిలోంచి పైకి చూస్తాడు. సంచిలో ఇంకా రెండు తాళ్లున్నాయి. మాస్ట్ ముందు వైపు ఉన్న ఉంగరం, ఫోర్‌స్టే పైన ఉన్న ఖాళీ కప్పీ స్పిన్నకర్‌ (బెలూన్‌లా ఉబ్బే పెద్ద ముందు తెరచాప) కోసమని తెలిసింది. ఆ రెండు తాళ్లు దానివే కావచ్చు, పొడవు చూస్తే అలాగే ఉన్నాయి. స్పిన్నకర్ మాత్రం మాకు వచ్చిన సామానులో లేదు. అమ్మినాయనకి ఫోన్ చేసి అడగాలి.